కొసరు లేని కొట్టు

పోయిన యేడు వేసవి సెలవుల్లో అమెరికా వెళ్ళాను. దేశం చూడడానికి వెళ్ళానంటే అబద్ధమవుతుంది. మా తమ్ముడి దగ్గర వుంటున్న అమ్మ, "ఒరే, ఇక్కడ నా నోరు కట్టేసినట్టుంది, వచ్చి తీసుకుపో" అని ఫోనులో పోరుతూంటే, వెంటబెట్టుకు రావడానికి వెళ్ళాను.

మా తమ్ముడి కాపురం టెక్సస్ రాష్ట్రంలో, డల్లాసుకు ఉత్తరాన వున్న ఫ్రిస్కోలో. ఆ వూళ్ళో తెలుగువాళ్ళకు కొదవ లేదు. గోంగూరా, ములక్కాడలూ దొరికే అంగళ్ళూ వున్నాయి. కాని గోంగూర కట్ట కావాలన్నా కారు తియ్యాలి. కారు నడపడం రాని మనిషికి అక్కడ వూరంటే కిటికీలోంచి కనబడే రోడ్డు మాత్రమే.

వాడు అద్దెకున్నది అయిదంతస్తుల కొత్త మేడ. అద్దె యెంతో విన్నాక నేను కాసేపు మాట్లాడలేదు. ఈతకొలను వుంది, కసరత్తు గది వుంది, కుక్కలకు నీళ్ళు పోయడానికి ప్రత్యేకంగా ఒక గది కూడా వుంది. "ఇవన్నీ సరే గాని అన్నయ్యా, మా కొట్టు చూద్దువుగాని రా" అని వాడు నన్ను కింది అంతస్తుకు తీసుకువెళ్ళాడు.

పెళ్ళివారి విడిదిలాగా దీపాలు వెలుగుతున్నాయి. నున్నటి చెక్క అరలు, అద్దాల తలుపుల చల్లటి బీరువాలు. వాటిలో పళ్ళరసాలు, పెట్టెల్లో కూరలూ ముక్కలూ, బాదంపప్పులు, తలనొప్పి మాత్రలు, సబ్బులు. అన్నీ వున్నాయి. అమ్మే మనిషి లేడు! మా తమ్ముడు జేబులోంచి కార్డు తీసి బీరువాకు ఆనించాడు. తలుపు తాళం వూడింది. ఒక సీసా తీసుకొని తలుపు మూశాడు. ఏ వస్తువు కదిలిందో బీరువాయే చూసుకొని, వాడి ఖాతాలో ఖర్చు రాసేసింది. అరల్లోని సరుకైతే మనమే తీసుకొని, గోడకున్న తెరముందు చీటీ చూపి, డబ్బు కట్టి పోవాలి. పైన కెమెరాలు కళ్ళార్పకుండా చూస్తూనే వుంటాయి.

ఇలాంటి కొట్లను చాలాచోట్ల మేడ యజమానులు పెట్టరు. వారు చోటూ, కరెంటూ యిస్తారు. సరుకు వేరే కంపెనీది. అద్దెకు వచ్చేవారికి "మా యింట్లో యిదీ వుంది" అని చూపించుకోవడం యజమానికి లాభం. వెలలు బజారుకన్న యెక్కువే. అర్ధరాత్రి పసిపిల్లకు జ్వరం వచ్చినప్పుడు మాత్రం ఆ వెల యెవరికీ యెక్కువనిపించదు.

మనిషి లేని బేరం కొత్తదేమీ కాదు. క్రీస్తు తరువాత మొదటి శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో హీరో అనే పండితుడు, నాణెం వేస్తే గుళ్ళో తీర్థం పోసే యంత్రాన్ని వర్ణించాడు. నాణెం బరువుకు లోపలి పళ్ళెం వొరిగి మూత తెరుచుకుంటుంది. నాణెం జారిపోగానే మూత పడుతుంది. 1902లో ఫిలడెల్ఫియాలో హార్న్, హార్డార్ట్ అనే యిద్దరు ఆటోమాట్ అనే ఫలహారశాల తెరిచారు. గోడకు చిన్న చిన్న అద్దపు తలుపులు. బిళ్ళ వేసి మర తిప్పితే తలుపు తెరుచుకొని తినుబండారం చేతికి వచ్చేది. 1912లో అవి న్యూయార్కుకూ వచ్చాయి. అయిదు సెంట్ల కాఫీకి పేరుపడ్డాయి. చివరిది 1991లో మూతబడింది. అయితే ఒక్క సంగతి. ఆ గోడకు అవతల మనుషులు నిలబడి ఖాళీ అయిన అరలు నింపుతూనే వుండేవారు. తినేవారికి వారు కనపడేవారు కారు, అంతే.

మా అమ్మకు ఆ కొట్టు మొదట నచ్చలేదు. మా వీధి చివరి చిల్లరకొట్టులో శనగపప్పు తూచాక గుప్పెడు కొసరు వెయ్యనిదే ఆవిడ సంచి మూసేది కాదు. "ఈ బీరువాను కొసరు అడగనా, కోడలికి పురుడొచ్చిందని చెప్పనా?" అన్నది. అయినా మేడలో తనంతట తాను వెళ్ళగల కొట్టు అదొక్కటే. అందుచేత రోజూ మధ్యాహ్నం దిగి, అక్కడి కుర్చీలో కాసేపు కూర్చునేది.

అలా కూర్చోగా ఆవిడకు ఒక రహస్యం తెలిసింది. సోమవారం, గురువారం ఒక కుర్రవాడు బండినిండా పెట్టెలు తోసుకు వచ్చి అరలు సర్దుతాడు. ఏది యెంత అమ్మిందో యంత్రం అతనికి ముందే చెబుతుంది. అతనిది స్పానిషు, ఈవిడది తెలుగు. ఇంగ్లీషు యిద్దరికీ అంతంతమాత్రమే. నైవేద్యానికి తమ్ముడు ఆదివారం తెచ్చిన అరటిపళ్ళు బుధవారానికి నల్లబడుతున్నాయి. అమ్మ అతనితో, "బనానా?" అన్నది. అతను అరలన్నీ చూసి తల అడ్డంగా వూపాడు. మరుసటి గురువారం పై అరలో నాలుగు అరటిపళ్ళు, ఒక్కొక్కదానికి ఒక చీటీ అంటించి, కనపడ్డాయి!

అమ్మిన సరుకు లెక్క యంత్రం చెప్పగలదు. అడిగి, లేదనిపించుకొని పోయినదాని లెక్క దానికి తెలియదు. అది మనిషికే తెలియాలి. నేను వెళ్ళేసరికి అమ్మ జంతికలు చేసి అతనికి పెట్టేదాకా వచ్చింది స్నేహం. అంటే కొసరు ఈవిడే వేస్తున్నదన్నమాట!

మా ప్రయాణం బుధవారం వచ్చింది. అమ్మ జంతికల పొట్లం కట్టి, "రేపు ఆ అబ్బాయికి యివ్వరా" అని తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు తెల్లబోయాడు. ఆ మేడలో రెండేళ్ళుగా వుండి, రోజూ ఆ కొట్టులో కొంటూ, అతన్ని ఒక్కసారి కూడా చూడలేదట.

ఇంటికి చేరిన రెండోనాడు తమ్ముడు ఫోను చేశాడు. పొట్లం యిచ్చాడట. ఆ కుర్రవాడు అటూ యిటూ చూసి, "అమ్మా?" అని అడిగాడట. వూరికి వెళ్ళిపోయిందని సైగ చేసి చెప్పడానికి వీడికి చాలాసేపు పట్టిందట. ఆ గురువారం మా తమ్ముడు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళాడు.