సూదిమొనతో వ్రాసిన ఊరిపేరు

కుట్టుపనిని స్త్రీల కాలక్షేపమని కొందఱు నేఁటికిని తేలికగాఁ దీసివేయుదురు. ఆ మాట వినినప్పుడెల్ల నాకుఁ బాలస్తీనా స్త్రీల థోబు స్ఫురించును.

థోబనఁగా పాదములదాఁక వ్రేలాడు వదులైన అంగీ. దాని ఱొమ్ముభాగమునను చేతులమీఁదను, ఒండొంటి నడ్డముగా దాఁటు చిన్న కుట్లతో సైప్రసు చెట్లను, నక్షత్రములను దీర్తురు. ఈ పనికిఁ దత్రీజని పేరు. తల్లి కూఁతునకు నేర్పును. కన్యలు తమ పెండ్లిదుస్తులను దామే కుట్టుకొనెడివారు. పూర్వము సీమసీమకు రంగులును నమూనాలును వేఱు. కావున ధరించిన యామె యే ప్రాంతముదో, వివాహితయో కాదో, వస్త్రమే చెప్పెడిది. అక్షరములు రానివారును ఈ లిపిని జదువఁగలిగిరి.

1948లో 7 లక్షలకుఁ బైగా పాలస్తీనీయులు ఇల్లువాకిళ్లు గోల్పోయిరి. 400కుఁ బైగా గ్రామములు జనశూన్యములయ్యెను. ఊళ్లు పోయినను వాని నమూనాలు అంగీలపై మిగిలినవి. 1987లో మొదలైన ఇంతిఫాదా కాలమున, జెండా నెగురవేయుట నిషిద్ధమైన తావున, స్త్రీలు జెండా రంగులనే తమ దుస్తులపైఁ గుట్టుకొనిరి. 2021లో యునెస్కో ఈ కళను మానవజాతి వారసత్వపు పట్టికలోఁ జేర్చినది.

గౌరవము దక్కినది, సంతోషము. కాని శరణార్థి శిబిరములలోఁ బలువురు స్త్రీలకు ఈ సూదియే జీవనాధారము. నెలల తరబడి చేసిన పనికిఁ గాలక్షేపమను పేరున్నంతకాలము దాని కూలియుఁ దక్కువగనే యుండును. కనుక అందమును మెచ్చుకొనుటతో నాగక, ఆ నమూనా యే యూరిదో యడుగుటయు, కుట్టిన చేతికిఁ దగిన వెల యిచ్చుటయు మనకుఁ గర్తవ్యములు.