రేపటిదాకా ఆగవచ్చా?

రాత్రి పదిన్నర దాటాక మా పశువైద్య క్లినిక్ ఫోను మోగితే, అవతలి వారు ఎంత చెప్పినా చివరికి అడిగేది ఒకటే. "సార్, పొద్దటిదాంక ఆగొచ్చా, ఇప్పుడే తీసుకురమ్మంటరా?" హైదరాబాద్‌లోని నాగోల్, బండ్లగూడ, మమతానగర్, కొత్తపేట ప్రాంతాల్లో ఒకప్పుడు నేను చూసినవి ఎక్కువగా గేటు దగ్గర గొలుసుతో కట్టేసిన కాపలా కుక్కలు. 2017లో మెట్రో వచ్చి, అపార్ట్‌మెంట్లు లేచాక, ఐదో అంతస్తులో లాబ్రడార్లు, షిట్జూలు, పర్షియన్ పిల్లులు చేరాయి. వాటిని పెంచేవాళ్ళ ప్రేమను నేను రోజూ చూస్తున్నాను. ఆ ప్రేమలో ఉండే భయం మాత్రం చాలాసార్లు పడాల్సిన చోట పడటం లేదు. వెంట్రుకలు రాలుతున్నాయని మూడు చోట్ల చూపించినవారే, పిల్లికి రెండు రోజులుగా ఒంటేలు రాకపోతే ఇంట్లో ఉంచుకుని చూస్తారు.

ముందు, నిశ్చింతగా ఆగదగినవి చెబుతాను. చురుగ్గా తిరుగుతున్న పెద్ద కుక్క పొద్దున్నే పరగడుపున పసుప్పచ్చ నురగ ఒకసారి కక్కితే, అది ఖాళీ కడుపు పైత్యం. గడ్డి తిని కక్కితే కంగారు పడనక్కర్లేదు. ఒక పూట తిండి మానేస్తే రెండో పూట దాకా చూడవచ్చు. ముక్కు పొడిగా, వెచ్చగా ఉన్నంత మాత్రాన జ్వరం కాదు. కుక్కకు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ఫోన్ చేసినవాళ్ళను నేను ముక్కు సంగతి అడగను. పెదవి పైకెత్తి చిగుళ్ళు చూడమంటాను. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు రావాలి. పాలిపోయి తెల్లగా ఉన్నా, నీలంగా మారినా, పసుపు తిరిగినా ఆ రాత్రి ఆగేది లేదు. ఆ తర్వాత నా ప్రశ్నలు మూడు: ఆఖరుసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు నీళ్ళు తాగింది, ఎప్పుడు ఒంటేలుకు పోయింది? మూడో దానికి చాలా ఇళ్ళలో జవాబు ఉండదు.

జవాబు లేకపోవడం ఎంత ప్రమాదమో మగపిల్లులను చూస్తే తెలుస్తుంది. అల్కాపురి నుంచి ఒక కుటుంబం నాలుగేళ్ళ పర్షియన్ పిల్లిని బుట్టలో తెచ్చింది. "మలబద్ధకం సార్, రెండు రోజుల సంది ట్రేలో కూసోని ముక్కుతున్నది, ఏం వస్తలేదు. ఆముదం పట్టినం." పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే మూత్రాశయం నిమ్మకాయంత గట్టిగా, బిగుసుకుని తగిలింది. మలం అడ్డుపడలేదు, మూత్రనాళం మూసుకుపోయింది. మగపిల్లికి ఆ నాళం చివర చాలా సన్నగా ఉంటుంది. సన్నటి ఇసుకలాంటి స్ఫటికాలు, జిగురు చేరి బిరడా బిగిస్తాయి. మూత్రం వెనక్కి తన్ని మూత్రపిండాలు ఆగిపోతాయి, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, అది గుండె కొట్టుకునే లయనే ఆపేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అయిపోయే వ్యవహారం ఇది. ముందు గుండెను కాపాడే మందులు, సెలైన్, ఆ తర్వాత మత్తిచ్చి సన్నని గొట్టం. ఆ పిల్లి బతికింది. మగపిల్లి పదేపదే ట్రేలోకి వెళ్ళి ఖాళీగా బయటికి వస్తుంటే, అరుస్తుంటే, అక్కడ నాకుకుంటుంటే, అర్ధరాత్రయినా బయల్దేరాలి. ఈ ఒక్క విషయం పిల్లి ఉన్న ప్రతి ఇంట్లో తెలిసి ఉంటే నేను చూసిన చాలా చావులు జరిగేవి కావు.

తింటున్నదా లేదా అని చూసే కళ్ళు, ఎన్ని నీళ్ళు తాగుతున్నదో చూడవు. నాగోల్ క్రాస్‌రోడ్స్ దగ్గరి ఒక ఇంటి నుంచి ఎనిమిదేళ్ళ ఆడ లాబ్రడార్ వచ్చింది. యజమానులిద్దరూ ఉద్యోగస్తులు. వయసు మీద పడింది, ఎండ, అందుకే నలతగా ఉందన్నారు. వాళ్ళ వెంట ఇంట్లో పనిచేసే అక్క కూడా వచ్చింది, కుక్క ఆమె మాటే వింటుంది కనుక. తలుపు పక్కన నిలబడి ఆమె మెల్లగా అన్నది: "గిన్నెల నీళ్ళు పొద్దున నింపితే సాయంత్రం దాంక ఉండేటివి సార్. ఇప్పుడు మూడుమార్లు నింపుతున్న." అంతే, నాకు దారి దొరికింది. ఎదకు వచ్చి ఎన్నాళ్ళయిందని అడిగాను. నెలన్నర. స్కానింగ్‌లో గర్భసంచి నిండా చీము. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు నడివయసు దాటాక, ఎద ముగిసిన నెల, రెండు నెలలకు వచ్చే జబ్బు ఇది. చీము బయటికి కారితే ఎవరైనా గుర్తుపడతారు. గర్భసంచి ముఖద్వారం మూసుకుని ఉంటే ఒక్క చుక్క కూడా కనబడదు, లోపలి విషం వల్ల దాహం మాత్రం పెరుగుతుంది. ఆ రోజే ఆపరేషన్ చేశాం, కుక్క కోలుకుంది. ఆ రోజు నుంచి జంతువుతో ఎవరు ఎక్కువసేపు గడుపుతారో వాళ్ళను కూడా వెంట రమ్మని అడుగుతున్నాను. జబ్బు కథ చెప్పగలిగేది చాలా ఇళ్ళలో కార్డు మీద యజమానిగా పేరున్న మనిషి కాదు. అవ్వ, వాచ్‌మన్, పనిమనిషి, స్కూలు నుంచి ముందుగా ఇంటికొచ్చే పిల్లవాడు, వీళ్ళే.

మందుల డబ్బా గురించి కఠినంగా మాట్లాడాలి. మనింట్లో జ్వరమొస్తే వేసుకునే పారాసెటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. సగం బిళ్ళ చాలు. రక్తంలోని ఎర్రకణాలు ప్రాణవాయువును మోయలేని స్థితికి మారిపోతాయి. కొన్ని గంటల్లో చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు ఉబ్బుతాయి, ఊపిరి అందదు. విరుగుడు మందు ఉంది, కానీ అది తొలి గంటల్లో పడాలి. చైతన్యపురి నుంచి ఒక పెద్దావిడ ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పిల్లి అప్పటికే నోరు తెరిచి శ్వాస తీస్తోంది. ఒళ్ళు వెచ్చగా ఉందని రాత్రి సగం, పొద్దున సగం వేశారట. దక్కలేదు. ఆవిడ చేసింది మనవడికి చేసినట్టే, అందులో కొరత ఏమీ లేదు. పిల్లికి అది విషమని ఆవిడకు ఎవరూ ముందు చెప్పలేదు, అంతే. కుక్కలకు నొప్పి బిళ్ళలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, కడుపులో పుండ్లు పెట్టి రక్తం కక్కిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఏదైనా పొరపాటున మింగితే మందు అట్టను కూడా తీసుకురండి. ఎంత మింగిందో, ఎన్ని గంటలకో తెలిస్తే సగం వైద్యం అయినట్టే.

తిండి విషయంలో మన తెలుగు ఇళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయని పశువైద్యులకు చాలా ఏళ్ళుగా తెలుసు, ఎందుకో తెలియదు. 2021లో అమెరికాలోని విష చికిత్సా నిపుణులు కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని ప్రతిపాదించారు. వంట సామగ్రిలో వాడే టార్టార్ పొడి తిన్న కుక్కల్లోనూ, చింతపండు తిన్న కుక్కల్లోనూ అచ్చం అదే జబ్బు కనిపించడం వాళ్ళకు ఆధారమైంది. చింతపండులో ఆ ఆమ్లం దండిగా ఉంటుంది. చారన్నం ముద్ద నాకిన ప్రతి కుక్కా చస్తుందని నేననడం లేదు. ఒక్కో కుక్క తట్టుకునే మోతాదు ఒక్కోలా ఉంటుంది. కానీ పులిహోర కోసం ఉడికించిన పులుసు గిన్నె, నానబెట్టిన చింతపండు, పండగపూట మిగిలిన పులిహోర కుక్కకు అందకూడదు. కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయినా, సీజన్ వస్తే ఈ రోడ్ల మీద ద్రాక్ష బండ్లకు లోటులేదు. పిల్లలు ఒక్కో పండు తుంచి కుక్క నోట్లో వేస్తుంటారు. వాళ్ళకు చెప్పాలి. ఉల్లి, చాక్లెట్ కూడా ఇదే వరుసలోవి. పెరుగన్నం నిరభ్యంతరంగా పెట్టండి, అదొక్కటే పెడితే మాత్రం మాంసకృత్తులు చాలవు.

పిల్ల కుక్కల దగ్గరకు వస్తే నాకు కోపం ఆగదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అయినా ముప్ఫై రోజుల పిల్లలు అట్టపెట్టెల్లో ఇళ్ళకు వస్తూనే ఉన్నాయి. తల్లి పాలు చాలక, టీకా పడక, వచ్చిన నాలుగో రోజుకో ఐదో రోజుకో వాంతులు, ఆపైన నెత్తుటి విరేచనాలు, గదంతా నిండే ఒక కుళ్ళు వాసన. ఆ వాసనతోనే పార్వో అని తెలిసిపోతుంది. 1978లో ప్రపంచానికి తెలిసిన వైరస్ ఇది, ఆ తర్వాత రెండేళ్ళలోనే ఖండాలన్నీ చుట్టింది. ఈ జబ్బులో పిల్ల చనిపోయేది ముఖ్యంగా ఒంట్లో నీరు ఇంకిపోవడం వల్ల, పేగుల నుంచి సూక్ష్మజీవులు రక్తంలోకి పాకడం వల్ల. కనుక పిల్ల రెండుసార్లు కక్కి, పడుకుని లేవకపోతే సాయంత్రం దాకా కూడా చూడవద్దు. నీళ్ళు నోట్లో బలవంతంగా పోయవద్దు, వాంతి పెరుగుతుంది. సెలైన్ ఎంత తొందరగా ఎక్కితే అంత ఆశ. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తొలి టీకా వేయించి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారో వారం దాకా పూర్తి చేయాలి. ఒక్క డోసు వేయించి కార్డు బీరువాలో పెట్టినవాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఇంట్లో ఒక పిల్ల పార్వోతో పోయాక, ఆ దుఃఖంలో వెంటనే ఇంకొకటి తెస్తారు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి గచ్చు కడగాలి. మట్టి పెరడు ఉంటే చాలా నెలలు ఆగాలి. టీకాలు పూర్తయిన పెద్ద కుక్కను తెచ్చుకోవడం ఇంకా మంచిది.

పిడుదులు, ఎండ, వరద, ఈ మూడూ మన ఊరి వాతావరణం తెచ్చే బాధలు. పిడుదు కుక్క ఒంటి మీద కంటే గోడ పగుళ్ళలో ఎక్కువ కాలం గడుపుతుంది, అక్కడే వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్కకు స్నానం చేయించి ఊరుకుంటే లాభం లేదు. ముక్కు నుంచి రక్తం వచ్చినా, పొట్ట మీద ఎర్రని చుక్కలు లేచినా పిడుదు జ్వరం అనుకుని ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. మే నెలలో పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలను మధ్యాహ్నం తిప్పడం ప్రాణాంతకం. ఒళ్ళు 106 డిగ్రీలు దాటి కూలబడితే, మామూలు నీళ్ళతో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి ఆసుపత్రికి తీసుకురావాలి. ముందు చల్లబరచడం, తర్వాత ప్రయాణం. 2020 అక్టోబర్ 13న కురిసిన వానకు నాగోల్ అయ్యప్ప కాలనీ వైపు ఇళ్ళు నీటమునిగినప్పుడు, ఆ నీళ్ళలో తిరిగిన కుక్కలు వారం పది రోజులకు పచ్చని కళ్ళతో వచ్చాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్. మనుషులకూ అంటుతుంది. అలాంటి కుక్క మూత్రం కడిగేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి. ఏటా వేసే టీకాలో దానికీ రక్షణ ఉంటుంది. వరద వస్తుందని తెలిసిన కాలనీల్లో అది తప్పనిసరి.

మిగిలింది రేబిస్. ఫతుల్లగూడ వైపు నిర్మాణంలో ఉన్న ఒక భవనంలో వాచ్‌మన్ కుటుంబం పెంచుకునే కుక్క ఉండేది. మూడు రోజులుగా తినడం లేదు, నోరు మూయడం లేదు, చొంగ కారుతోంది. "గొంతుల బొక్క ఇరుక్కున్నది సార్, మేము చెయ్యి పెట్టి చూసినం, దొరకలే." కుక్క కరవడం లేదు, మొరగడం లేదు, ఓ మూల నీడలో ముడుచుకుంది. రేబిస్ అంటే వెంటపడి కరిచే పిచ్చికుక్కే మన ఊహలో ఉంటుంది. కింది దవడ వేలాడిపోయి, గొంతు కండరాలు చచ్చుబడి, నిశ్శబ్దంగా ఉండే రూపం ఇంకొకటి ఉంది. దవడ జారిన కుక్క నోట్లో ఎముక కోసం ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆ కుక్క మర్నాడు చనిపోయింది, మెదడు నమూనా పరీక్షలో రేబిస్ అని తేలింది. పరీక్ష ఫలితం కోసం నేను ఆగలేదు. చెయ్యి పెట్టిన తండ్రి వేలికి ఇటుకపని గీతలున్నాయి, చిన్నపాప రోజూ దాని పక్కనే పడుకునేది, చెంపలు నాకించుకునేది. కుక్కను చూసిన సాయంత్రమే అందరినీ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు పంపాను. తండ్రికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇచ్చారు, తెగిన చర్మానికి చొంగ తగిలింది కనుక. ముందే టీకాలు వేయించుకున్నవాణ్ణి కాబట్టి నాకు రెండు డోసులు సరిపోయాయి. పాప తల్లి మాత్రం మొదట వెళ్ళనంది. ఆమెను కుక్క కరవలేదు, కూలి పోతుంది. తిండి పెట్టిన చేతి మీద చిన్న గీత ఉన్నా, దానికి తగిలిన చొంగ చాలని కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది, మేస్త్రీతో మాట్లాడి కూలి ఇప్పించాల్సి వచ్చింది. అందరూ డోసులన్నీ పూర్తి చేసుకున్నారు.

కరిచిన కుక్కను పది రోజులు గమనించాలన్న మాట నిజమే. దాన్ని చాలామంది పది రోజులు చూసి టీకా వేయించుకోవాలని అర్థం చేసుకుంటున్నారు. గాయాన్ని కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, కట్టు కట్టకుండా బయల్దేరాలి, మొదటి డోసు అదే రోజు పడాలి. పసుపు, కారం, సున్నం పూయవద్దు. పదో రోజుకు కుక్క క్షేమంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు చెబుతారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ టీకా ఉచితం, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలోనూ దొరుకుతుంది. ఇంటి కుక్కకు ఏటా టీకా వేయించామన్న ధైర్యంతో, ఊరి కుక్క కరిచిన పిల్లవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టవద్దు. అవి రెండూ వేర్వేరు లెక్కలు.