తొట్టెల కాగితం, చైనా కత్తెర

ఆషాఢమాసంలో బోనాల ఆదివారం నాడు సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు ఎప్పుడైనా వచ్చారా? రాకపోతే ఈసారి తప్పకుండా రండి. ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఆ రోజు కాలు పెట్టడానికి చోటుండదు. తల మీద బోనం, బోనం మీద దీపం, కుండ చుట్టూ వేపాకు. ఇవి మీరు చూసే ఉంటారు, టీవీలోనైనా. పోతరాజు కొరడా, డప్పు మోత, ఫలహారం బండి, వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఇవాళ మిమ్మల్ని తలెత్తి చూడమంటాను. జనం తలల మీదుగా ఊగుతూ వస్తుందే, సన్నటి పుల్లల చట్రం, అంతస్తు మీద అంతస్తు, ప్రతి అంతస్తుకీ వేరే రంగు కాగితం, అంచులకు జాలర్లు, మూలలకు కుచ్చులు, అదే తొట్టెల. అమ్మవారికి మొక్కుకుని ఇచ్చే ఊయల. ఒక్క చేత్తో పట్టుకునేంత చిన్నవి ఉంటాయి, నలుగురు ఆసరా పడితే తప్ప నిలబడని పొడుగాటివీ ఉంటాయి.

ఈ గుడి కథ మీకు తెలిసే ఉంటుంది. 1813లో సికింద్రాబాద్ పటాలంలో డోలీ మోసే సురటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నప్పుడు ఇక్కడ కలరా చెలరేగింది. ఊరు గట్టెక్కితే అమ్మవారిని తీసుకెళ్లి ప్రతిష్ఠిస్తానని అక్కడి మహంకాళికి ఆయన మొక్కుకున్నాడట. తిరిగొచ్చాక, 1815లో, కట్టెతో చేసిన విగ్రహాన్ని ఇక్కడ నిలిపాడని చెప్తారు. అంటే ఈ గుడి పుట్టిందే ఒక మొక్కు మీద. అలాంటి చోట మొక్కుకి కాగితంతో, వెదురుతో రూపం కట్టడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది. బంగారం ఇవ్వలేని ఇల్లు కూడా అమ్మవారికి ఒక మేడ కట్టి ఇవ్వగలదు కదా!

ఇక పనితనానికి వద్దాం. తొట్టెలని దూరం నుంచి చూస్తే రంగులే కనిపిస్తాయి. దగ్గరికెళ్లి చూడండి. ముందు వెదురు బద్దలు సన్నగా చీల్చి, చతురస్రాలుగా కట్టి, ఒకదాని మీద ఒకటి నిలబెడతారు. కట్టు దగ్గర దారం ఒక్క చుట్టు వదులైనా పైఅంతస్తు పక్కకు ఒరుగుతుంది. ఆ చట్రానికి పతంగి కాగితంలాంటి పల్చటి రంగు కాగితం మైదా లైతో అంటిస్తారు. లై చిక్కగా ఉంటే కాగితం ముడతలు పడుతుంది, పల్చగా ఉంటే రంగు ఊరుతుంది. ఆ తర్వాత వస్తుంది కత్తెర. నా మనసంతా అక్కడే ఉంటుంది.

అంచు జాలరు ఎలా చేస్తారో చూశారా? పొడుగాటి కాగితాన్ని విసనకర్రలా మడతలు మడతలుగా పెట్టి, మడిచిన కట్ట మీద నాలుగైదు కత్తిరింపులు వేస్తారు. ఇక్కడో నెలవంక, అక్కడో రంపపు పన్ను, మధ్యలో కోటేరుముక్కులాంటి చిన్న చీలిక. కట్ట విప్పగానే అదే నమూనా అంచు పొడుగునా బారులు తీరుతుంది. ముందు గీసుకునేది ఏమీ లేదు. ఏ మడత మీద ఎంత లోతుకి కోయాలో, ఎక్కడ ఆగకపోతే కాగితం రెండుగా విడిపోతుందో, అదంతా చేతికి తెలుసు. చమ్కీ కాగితం అయితే ఇంకా కష్టం, జారుతుంది. ఇంత చేసి, ఆ కాగితాన్ని సరిగ్గా వానాకాలంలో వీధిలోకి తీసుకొస్తారు! ఆషాఢం కదా, చినుకు పడే వేళకి పైన కప్పడానికి ప్లాస్టిక్ కవరు కూడా సిద్ధంగా ఉంచుకోవాల్సిందే.

ఇప్పుడు మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను, కాస్త ఓపిక పట్టండి. ఈ నెలవంక, ఈ రంపపు పన్ను చైనా కాగితపు కత్తిరింపుల్లో అచ్చం ఇలాగే ఉన్నాయి. వాళ్ల కత్తెర కళకి పునాది ఆ రెండు గుర్తులేనంటారు. కోడిపుంజు ఈకలైనా, పులి బొచ్చైనా రంపపు పళ్లతో చూపిస్తారు. బట్ట మడతకి, పూరేకు వంపుకి నెలవంక. ఈ పోలిక చూసి చైనా నుంచి మనకి వచ్చిందని గాని, మన నుంచి వాళ్లకి వెళ్లిందని గాని నేను అనను. కాగితం మడిచి కత్తెర పట్టుకున్న చేయి ఏ దేశంలోనైనా వేయగలిగే కోతలు కొన్నే ఉంటాయి.

క్రీ.శ. 105లో చాయ్ లున్ అనే రాజోద్యోగి కాగితం తయారీని మెరుగుపరిచి చక్రవర్తికి విన్నవించాడని చైనా చరిత్ర చెబుతుంది. కానీ కత్తిరించాలనే కోరిక కాగితంతో మొదలవలేదు. 6వ శతాబ్దంలో జోంగ్ లిన్ అనే ఆయన తన ప్రాంతపు పండుగల గురించి ఒక పుస్తకం రాశాడు. కొత్త సంవత్సరం ఏడో రోజున ఆడవాళ్లు రంగు పట్టునో బంగారు రేకునో మనిషి ఆకారంలో కత్తిరించి, తెరలకు అంటించేవారని, తలలో పెట్టుకునేవారని అందులో ఉంది. అదే శతాబ్దపు కాగితపు కత్తిరింపులు 1959లో తుర్ఫాన్ దగ్గర అస్తానా శ్మశానంలో దొరికాయి. గుండ్రంగా మడిచి కోసిన బిళ్లలు, కొన్నింట్లో జంట గుర్రాలు, జంట కోతులు. ఎడారి పొడిగాలి వాటిని పద్నాలుగు వందల ఏళ్లు కాపాడింది. ఆ శ్మశానంలోనే చనిపోయినవారికి తొడిగిన కాగితపు చెప్పులు కూడా దొరికాయి. అవి చేసింది కొత్త కాగితంతో కాదు, పనికిరాని కచేరీ పత్రాలతో. వాటి పొరలు విప్పి చదివితేనే ఆ కాలపు అప్పు పత్రాలు, పొలాల లెక్కలు చరిత్రకారుల చేతికొచ్చాయి. ఇంత అందమైన సంగతి చెప్పకుండా ఎలా దాటిపోను?

ఉత్తర చైనా పల్లెల్లో కిటికీలకు గాజు లేని రోజుల్లో చెక్క జాలీ మీద తెల్లకాగితం అంటించుకునేవారు. కొత్త సంవత్సరానికి పాత కాగితం చించేసి కొత్తది వేసి, దాని మీద ఎర్రకాగితపు పూలు, చేపలు, దానిమ్మలు, పక్షులు కత్తిరించి పెట్టేవారు. పగలు గదిలోకి ఎర్రటి నీడ, రాత్రి వీధిలోకి దీపం వెలుగులో అదే బొమ్మ. చేసేది ఇంటి ఆడవాళ్లు, కత్తెరతో. హెబెయ్ రాష్ట్రంలో యూషియన్ అనే ప్రాంతానిది వేరే దారి. అక్కడ కత్తెర కాదు, చిన్న కత్తి. పల్చటి తెల్లకాగితాలు పదుల కొద్దీ ఒకచోట కుట్టి, మైనపు పలక మీద పెట్టి ఒకేసారి చెక్కుతారు. తర్వాత సారాలో కలిపిన రంగు చుక్కలుగా అద్దితే అది కిందికాగితం దాకా ఇంకుతుంది. మన నిమ్మలకుంటలో తోలుబొమ్మల తోలు మీద రంధ్రాలు చెక్కేవారి పని చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. బొమ్మని గీసేది అక్కడా వెలుగే. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. చైనా కాగితపు కత్తిరింపుని యునెస్కో 2009లో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

జాబితాల మాట అటుంచండి. నేను మీకు చెప్పాలనుకున్న మనిషి కు షూలాన్. షాన్సీ రాష్ట్రం షున్‌యీ ప్రాంతంలో, కొండ గట్టుని తొలిచి కట్టుకున్న గుహలాంటి ఇంట్లో బతికిన పేద రైతు స్త్రీ. 1920లో పుట్టింది, 2004లో పోయింది. బతుకంతా కష్టమే, బిడ్డల్ని పోగొట్టుకుంది. 1985లో గట్టు మీద నుంచి పడి చాలా రోజులు స్పృహ లేకుండా ఉంది. లేచాక, తాను పూలు కత్తిరించే దేవతనని చెప్పింది. ఆ తర్వాత ఆమె కత్తెర ఆగలేదు. ఎర్రకాగితం ఒక్కటే కాదు, దొరికిన ప్రతి రంగు కాగితమూ కత్తిరించి ఒకదాని మీద ఒకటి అంటించింది. చుక్కలు, రేకులు, చక్రాలు, వాటి మధ్యలో గుండ్రటి ముఖంతో కూర్చున్న ఆ దేవత. పాడుకుంటూ కోసేది. గోడలు, కప్పు, ఇల్లంతా కాగితం. ఆమె దేవత బొమ్మలు చూస్తే ఎన్ని రంగులు పక్కపక్కన ఎలా ఇమిడాయోనని ఆశ్చర్యం వేస్తుంది. తొట్టెల చూసినప్పుడు నాకు కలిగే ఆశ్చర్యం కూడా అదే.

బోనాల మర్నాడు, సోమవారం ఉదయం, మన మహంకాళి గుడిలో రంగం జరుగుతుంది. ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాటగా ఏడాది సంగతి చెబుతుంది. మంత్రుల నుంచి కూలివాళ్ల దాకా ఊపిరి బిగబట్టి వింటారు. ఆ మాట విని పెరిగిన ఊరివాళ్లం మనం. కు షూలాన్ తాను దేవతనంటే దాన్ని జబ్బు అని కొట్టిపారేయడం మనకి చేతకాదు. ఏ గొంతూ దొరకని మనిషికి ఒక గొంతు దొరికింది. ఆమెకి అది కత్తెర రూపంలో వచ్చింది.

తొట్టెల గురించి నాకున్న దిగులు కూడా ఇక్కడే చెప్పాలి. గుడిలో కట్టిన తొట్టెల కొన్నాళ్లకి పోతుంది, పోవాలి కూడా. మొక్కు తీరాక దాన్ని అద్దాల పెట్టెలో పెట్టమని నేను అడగను. ఆ చైనా కిటికీ పూలైనా ఏడాదికోసారి చించేసేవే. ఏటా పోతుంది కాబట్టే ఏటా ఎవరో ఒకరు మళ్లీ కత్తెర పట్టుకోవాలి. ఆ పట్టుకోవడంలోనే కళ ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్తుంది. కానీ ఇప్పుడు మిషన్ మీద అచ్చుపోసిన జాలర్లు, ప్లాస్టిక్ పూలు సులువుగా దొరుకుతున్నాయి. కత్తెరతో పని తగ్గితే ఒక్క తరం చాలు, ఆ మడతల లెక్క మరిచిపోవడానికి. 2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాయి, సంతోషం. ఆ వైభవంలో కాగితం కోసే మనిషి పేరు మాత్రం ఎక్కడా వినిపించదు.

నమూనా మరిచిపోకుండా చైనా పల్లెల్లో ఒక ఉపాయం ఉండేది. మంచి కత్తిరింపు ఒకటి చేతికొస్తే, తెల్లకాగితాన్ని తడిపి, ఆ కత్తిరింపుని దాని మీద పరిచేవారు. అది అంటుకున్నాక నూనెదీపం పొగ పట్టేవారు. కాగితమంతా నల్లబడ్డాక పైనున్నదాన్ని మెల్లిగా తీస్తే, కింద నల్లటి మసిలో తెల్లగా అదే బొమ్మ! ఆ పొగనమూనాని కొత్త కాగితాల మీద గుచ్చి మళ్లీ కోసుకునేవారు. కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకునే సొత్తులో ఇవి కూడా ఉండేవి, పుస్తకం పుటల మధ్య దాచినవి.

మనకి దీపం పొగ అక్కర్లేదు. మీ బస్తీలో తొట్టెల కట్టేవారుంటే ఈ ఆషాఢానికి ముందే వెళ్లి కలవండి. పని జోరులో ఉన్నప్పుడు అడ్డుపడకండి, ఆదివారం ఇంకా దూరంగా ఉన్నప్పుడు వెళ్లండి. జాలరు ముక్క ఒక్కటి, మడత విప్పకుండా ఒకటి, విప్పినది ఒకటి ఇమ్మని అడగండి. మడత విప్పనిదే ముఖ్యం, కోత వేసిన క్రమం దాంట్లోనే తెలుస్తుంది. దాన్ని ఒక అట్ట మీద పెట్టి, ఆ ఏడాది, ఆ గల్లీ, కట్టినవారి పేరు వారు ఒప్పుకుంటే రాయండి. ఇచ్చిన కాగితానికి డబ్బులు ఇవ్వడం మరిచిపోవద్దు.