ఖాళీయే అన్న తుపాకీ

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నన్ను భయపెట్టినవి రెండు. ఒకటి అత్తయ్యగారి ఆవకాయ జాడీ, రెండోది మామయ్యగారి తుపాకీ. జాడీ దగ్గరికి వెళ్తే "చేతులు తడిగా లేవు కదా?" అని అత్తయ్య కేక. తుపాకీ బీరువా వైపు చూస్తే "ఆ పక్కకు రావద్దమ్మా" అని మామయ్య కేక. పదిహేనేళ్ళు గడిచేసరికి ఆ రెండూ నా చేతికే వచ్చాయి!

మాది చిత్తూరు జిల్లాలో అడవి అంచున ఉన్న పల్లె. శనక్కాయ చేను ఊడలు దిగి కాయ పట్టే వేళకు అడవి పందులు మందగా దిగుతాయి. తెల్లారేసరికి అరెకరం దున్నేసినట్టు ఉంటుంది. అందుకే మామయ్య వయసులో ఉన్నప్పుడే లైసెన్సు తీసుకుని, ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన రెండు బ్యారెళ్ళ 12 బోరు తుపాకీ కొనుక్కున్నారు. ఒక్క పందిని కూడా చంపింది లేదు. చప్పుడు చేసి తరమడానికే అది.

12 బోరు అంటే ఏమిటని ఒకసారి అడిగాను. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, బ్యారెల్ లోపలి వెడల్పు అంతట! మన వంటింటి కొలతల్లాగే ఉందే అనిపించింది.

నాలుగేళ్ళ కిందట మామయ్య చేతులు వణకడం మొదలైంది. మావారికేమో చేతికి నూనె అంటితే చాలు, చిరాకు. దాంతో ఓ ఆదివారం మామయ్య వరండాలో పాత చాప పరిచి, "నువ్వు తుడువమ్మా, నేను చెప్తా" అన్నారు. లైసెన్సు ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయన ఎదురుగా కూర్చుంటేనే నేను ముట్టుకునేదాన్ని. లేచి లోపలికి వెళ్తే నా చేయి ఆగిపోవాల్సిందే. అది మా ఇద్దరి ఒప్పందం.

ఆయన నేర్పిన మొదటి పాఠం తుడవడం కాదు, చూడడం. "ఎవరు ఖాళీ అన్నా నమ్మకు. నేనన్నా నమ్మకు. మూతిని మనుషులు లేని వైపు, నేల వైపు పెట్టు. వేలు ట్రిగ్గర్ మీదికి పోనీకు. మీట పక్కకు నెట్టి విరుచు. రెండు బొక్కల్లోంచీ వెలుతురు కనపడితేనే ఖాళీ." ఇన్నేళ్ళూ ప్రతిసారీ అలాగే చేశాను. తూటాల డబ్బా వేరే గదిలో, వేరే తాళంలో ఉండేది. శుభ్రం చేసే చోటికి ఒక్క తూటా కూడా రాకూడదు.

ఆ తర్వాత పని నిజంగా మన చేతికి అలవాటైనదే. కింది చెక్క ఊడదీస్తే బ్యారెళ్ళు విడిగా వచ్చేస్తాయి. మూడు ముక్కల కడ్డీ ఒకటి, దాని కొసకు బిగించే ఇత్తడి తీగల బ్రష్షు, పాత ఫ్లానెల్ గుడ్డ ముక్కలు, తుపాకీ శుభ్రం చేసే ద్రావకం, కొద్దిగా పల్చటి నూనె ఉంటే చాలు. ద్రావకం వాసన ఘాటుగా ఉంటుంది, నిప్పంటుకుంటుంది కూడా. అందుకే వంటింటికి దూరంగా, గాలి ఆడే వరండాలోనే కూర్చునేవాళ్ళం.

గుడ్డకు ద్రావకం తడిపి, తూటా పెట్టే వైపు నుంచి మూతి వైపుకు తోయాలి. మసి ఎప్పుడూ బయటికి పోవాలి కానీ లోపలి మరల్లోకి కాదు. కాసేపు నాననిచ్చి బ్రష్షు వేయాలి. అది అవతలి వైపు పూర్తిగా బయటికి వచ్చాకే వెనక్కి లాగాలి, మధ్యలో తిప్పితే తీగలు వంగిపోతాయి. తర్వాత పొడి గుడ్డలు. మొదటిది నల్లగా, రెండోది బూడిద రంగులో, నాలుగోదో అయిదోదో తెల్లగా వస్తుంది. అప్పుడు బ్యారెల్‌ను ఆకాశం వైపు పెట్టి చూస్తే లోపలంతా అద్దంలా మెరుస్తుంది. ఇత్తడి బిందె తోమి బోర్లించినప్పుడు కలిగే తృప్తే!

చివరగా నూనె. కొత్తవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు. నేనూ చేశాను. తలకు పెట్టినట్టు దట్టంగా పట్టించాను. మామయ్య నవ్వి, "వేలితో రాస్తే తెలిసీ తెలియనట్టుండాలమ్మా" అన్నారు. ఎక్కువైతే కిందికి జారి కర్ర భాగంలోకి ఇంకి చెక్క మెత్తబడుతుంది. కొబ్బరి నూనె, వంట నూనె అస్సలు పనికిరావు, కొన్నాళ్ళకు బంకలా పేరుకుంటాయి. గన్ ఆయిల్ అయిపోయినప్పుడు మేము నా కుట్టుమిషన్ నూనె వాడేవాళ్ళం. బ్యారెళ్ళు విరిగే కీలు దగ్గర మాత్రం చిటికెడు గ్రీజు. చెక్కకు ఏడాదికోసారి అవిసె నూనె రెండు చుక్కలు. మళ్ళీ పేల్చే ముందు బ్యారెల్‌లో నూనె లేకుండా పొడి గుడ్డతో తుడవడం మామయ్య పని. అంతా అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ మసిలో సీసం ఉంటుంది, ఆ చేత్తో పిల్లలకు అన్నం కలపకూడదు.

2024 ఎన్నికలప్పుడు అందరిలాగే మామయ్య కూడా తుపాకీని స్టేషన్లో అప్పగించారు. జూన్‌లో తిరిగొచ్చేసరికి రెక్సిన్ సంచీలో చెమ్మ చేరి అక్కడక్కడా తుప్పు చుక్కలు. అప్పుడే తెలిసింది, సంచీ మోసుకెళ్ళడానికే కానీ దాచడానికి కాదని. ఆవకాయకూ తుపాకీకీ శత్రువు ఒక్కటే, తడి. మన వేలి చెమట కూడా ఇనుముకు పడదు. ముట్టుకున్న ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవాల్సిందే.

ఆ ఏడాది అక్టోబరులో ఒక రాత్రి పందులు వచ్చాయని కుక్కలు మొరిగితే మామయ్య తుపాకీ తీసుకుని చేనికి వెళ్ళారు. పేల్చే అవసరం రాలేదు, టార్చిలైటు వెలుతురుకే పారిపోయాయట. మంచు పడింది కదా, తుడుద్దామని మర్నాడు పొద్దున్నే చాప పరిచాం. ఎనిమిదేళ్ళ మా పాప గుడ్డ ముక్కలు అందిస్తానని పక్కన చేరింది. మామయ్య బీరువా లోంచి తెచ్చిచ్చి, "ఖాళీయేనమ్మా, రాత్రే తీసేశా" అన్నారు.

అలవాటు ప్రకారం మూతి నేలకు పెట్టి విరిచాను. వెలుతురు కనపడలేదు. రెండు ఇత్తడి బిళ్ళలు నన్ను చూస్తున్నాయి.

నోట మాట రాలేదు. రెండింటినీ బయటికి తీసి మామయ్య అరచేతిలో పెట్టాను. "అమ్మమ్మ పిలుస్తున్నట్టుంది, నానమ్మ దగ్గరికి వెళ్ళు" అని ఏదేదో తడబడి పాపను లోపలికి పంపాను. మామయ్య ఆ తూటాలను చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. "తీసినట్టే గుర్తుందమ్మా" అన్నారు. అంతకు ముందు నెలలో పాల డబ్బులు రెండుసార్లు ఇవ్వడం, మోటారు ఆపానని చెప్పి ఆపకపోవడం, అన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆయనకూ గుర్తొచ్చే ఉంటాయి.

మావారికి ఎలా చెప్పాలా అని రోజంతా మథనపడ్డాను. చెప్తే మామయ్య మనసు చిన్నబుచ్చుకుంటారు. చెప్పకపోతే మళ్ళీ ఒకరోజు నేను చూడకపోవచ్చు. రాత్రి భోజనాల దగ్గర ఆయనే అందరి ముందూ అన్నారు. "తుపాకీ అప్పగించేస్తా. లైసెన్సు రద్దుకు రాసిస్తా. ఈ పొద్దు కోడలు చూసింది కాబట్టి సరిపోయింది." అత్తయ్య ఏమీ అనలేదు, ఆయన కంచంలో ఇంకొంచెం పెరుగు వేశారు.

అప్పగించే ముందు రోజు ఆఖరిసారి చాప పరిచాం. కడ్డీ, బ్రష్షు, గుడ్డలు, అన్నీ వరుసగా. మామయ్య తుపాకీ అందిస్తూ ఈసారి ఖాళీ అనలేదు. "చూడమ్మా" అన్నారు. చూశాను. రెండు బొక్కల్లోంచీ ఎండ పడింది. తెల్ల గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా తుడిచి, తెలిసీ తెలియనట్టు నూనె రాసి ఆయన చేతికిచ్చాను.

ఇప్పుడు చేనికి సోలార్ కంచె వేయించాం. పొద్దున్నే మామయ్య దాని చుట్టూ ఓ చుట్టు తిరిగి వస్తారు. గేటు తాళం వేశారా అంటే, "వేశాననే అనుకుంటున్నా, నువ్వొకసారి చూడమ్మా" అంటారు. నేను వెళ్ళి చూసి వస్తాను.