చప్పుడు లేకుండా దిగాల

“చప్పుడు ఇనబడింది తమ్ముడూ. మళ్లీ.”

శ్రీకాళహస్తిలో గుడి మాడ వీధులు దాటాక, ఒక పాత మేడ కింది అంతస్తులో ఉన్న ఫిజియోథెరపీ గదిలోకి అడుగు పెట్టగానే మా చెవిన పడిన మొదటి మాట ఇది. ఇరవై ఏళ్ల కుర్రాడు జానెడు ఎత్తు చెక్కపెట్టె మీద నిలబడి ఉన్నాడు. డిగ్రీ చదువుతున్నాడు, కబడ్డీ ఆడతాడు. కుడి మోకాలికి లిగమెంట్ ఆపరేషన్ జరిగి అయిదు నెలలు. చిత్రమేమిటంటే, దూకమని చెబుతున్న ఫిజియో అతనివైపు చూడటమే లేదు. గోడవైపు తిరిగి వింటోంది.

కుర్రాడు మళ్లీ దిగాడు. ఈసారి దబ్బుమనలేదు. బట్టల మూట కింద పెట్టినట్టు మెత్తగా ఆనింది పాదం. “ఇదీ!” అంటూ ఆమె ఇటు తిరిగింది.

కాళ్లు కర్రల్లా బిగుసుకుని నేలను తాకితే గట్టిగా మోగుతుంది. తొడకండలు, పిరుదులు, పిక్కలు వంగుతూ ఆ బరువును పంచుకుంటే మోత తగ్గుతుంది. ఎగిరి దిగేటప్పుడు కాలి మీద పడేది ఒంటి బరువు ఒక్కటే కాదు, దానికి కొన్ని రెట్లు. కండలు మోయని భారమంతా కీలు మీదికే పోతుంది. అందుకే ముందు చెవితో పరీక్ష, తర్వాత కంటితో. కంటితో చూసేది మరొకటి ఉంది. దిగేటప్పుడు మోకాలు లోపలికి ఒరుగుతోందా, లేక పాదం వేళ్ల తిన్నగానే ఉంటోందా అని. ఎదురుగా నిలువుటద్దం పెట్టింది అందుకే.

ఏసీఎల్ అని ఆటగాళ్లందరూ పిలిచే ఈ లిగమెంటు పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. తొడ ఎముక కింద కాలి ఎముక ముందుకు జారకుండా, మెలితిరగకుండా పట్టి ఉంచుతుంది. ఇది ఎదుటివాడు తంతేనే తెగుతుందనుకుంటాం గానీ, ఎక్కువసార్లు ఎవరూ తాకకుండానే తెగుతుంది. పరుగులో గభాలున ఆగినప్పుడో, మళ్లినప్పుడో, ఎగిరి వంకరగా దిగినప్పుడో. ఆటలాడే ఆడపిల్లల్లో ఈ ముప్పు మగపిల్లల కంటే ఎక్కువ.

మూలన కుర్చీలో కూర్చున్న తల్లికి ఈ దూకుడంతా మింగుడు పడటం లేదు. “కోసి కుట్టిన కాలు గదమ్మా. పదిలంగా చూసుకోమనాల్సింది పోయి దూకమంటా ఉండారే!”

“మనం వద్దన్నా వాడు కూతకు పోతాడక్కా. ఆడ దూకేది ఈడే నేర్చుకోనీ.”

ఆ తల్లి భయం తీసిపారేయాల్సింది కాదు. తెగిన లిగమెంటు స్థానంలో డాక్టర్లు మనిషి సొంత ఒంటి నుంచే, తొడ వెనకనుంచో మోకాలిచిప్ప కిందనుంచో, ఒక స్నాయువు ముక్క తీసి బిగిస్తారు. కొత్త చోట దానికి నెత్తురు అందాలి, ఎముకకు అతుక్కోవాలి, నెమ్మదిగా లిగమెంటు గుణం పట్టాలి. ఈ మార్పు జరిగే తొలి నెలల్లో అది బిగించిన నాటికంటే బలహీనపడుతుంది. నొప్పి తగ్గి, నడక బాగుపడి, కుర్రాడికి ధైర్యం వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. అసలు ప్రమాదం ఆ ధైర్యంతోనే.

కాబట్టి దూకడం నాలుగో నెల అటూఇటూగా గానీ మొదలు కాదు. అదీ క్యాలెండర్ చూసి కాదు. వాపు ఉండకూడదు, మోకాలు పూర్తిగా చాచుకోవాలి, తొడ ముందు కండ రెండో కాలితో పోలిస్తే సుమారు 80 శాతం బలం తెచ్చుకోవాలి, ఒంటికాలి మీద తూలకుండా నిలబడాలి. ఈ చివరిదానికి ఇక్కడ పెట్టుకున్న పేరు ‘కన్నప్ప నిలబడటం’. రెండో కన్ను పెకలించే ముందు గుర్తుకోసం శివుడి కంటి మీద పాదం ఆనించి కన్నప్ప ఒంటికాలి మీద నిలిచిన ఊరు కదా ఇది. కన్నప్ప కొండ మెట్లు ఎక్కడం కంటే దిగడమే మోకాలికి పరీక్ష అని కూడా ఈ గదిలో చెబుతారు. అది నిజమే.

తర్వాత వరస ఇలా సాగుతుంది: రెండు కాళ్ల మీద దిగడం, ఉన్నచోటే ఎగరడం, ముందుకు, పక్కలకు, ఆపైన ఒంటికాలితో. దిగీ దిగగానే మళ్లీ ఎగిరే సాధన అన్నిటికంటే ఆఖరున. దాన్ని 1960ల్లో సోవియట్ కోచ్ యూరీ వెర్ఖొషాన్‌స్కీ అథ్లెట్ల కోసం తీర్చిదిద్దారు, రోగుల కోసం కాదు. యూట్యూబ్‌లో చూసి మిద్దె మీద చేసుకునే పని కాదన్నమాట.

మేమున్నప్పుడే కొలత పరీక్ష జరిగింది. అచ్చంగా తొక్కుడుబిళ్లే. సుద్దగీత దగ్గర ఒంటికాలిపై నిలబడి, గెంతి, అదే కాలి మీద దిగి, కదలకుండా నిలవాలి. ఎడమ కాలు 150 సెంటీమీటర్లు, కుడికాలు 122. అంటే 81 శాతం. ఆటకు కనీసం 90 కావాలి. కుర్రాడి మొహం వాడింది. ఇందులో ఒక మెలిక ఉంది: నెలల తరబడి ఆట లేక మంచి కాలూ నీరసించి ఉంటుంది. దానితో పోల్చి వచ్చిన 90 నిజంగా 90 కాకపోవచ్చు. పైగా తుంటి, చీలమండ సాయంతో దూరం గెంతి మోకాలి లోటును దాచే వీలుంది. టేపు ఒక్కదాన్నే నమ్మడం నాకైతే సబబుగా తోచదు. కండబలం విడిగా కొలవాల్సిందే.

గోడమీద బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ బొమ్మ అందంకోసం పెట్టింది కాదు. 1994లో డబుల్స్ ఆడుతూ ఆయన మోకాలి లిగమెంటు తెగింది, ఆపరేషన్లు అయ్యాయి. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. మధ్యలో ఏడేళ్లు. కుర్రాళ్లకు కప్పు గుర్తుంటుంది, ఏడేళ్లు గుర్తుండవు.

నార్వే, అమెరికా పరిశోధకులు 106 మందిని రెండేళ్లు గమనించి 2016లో ప్రచురించిన లెక్క ఒకటుంది. తొమ్మిది నెలల దాకా, ఆటకు తిరిగి రావడం ఒక్కో నెల వాయిదా పడినకొద్దీ మోకాలికి మళ్లీ దెబ్బ తగలడం సుమారు సగానికి తగ్గింది. అయిదో నెలలో ఉన్న ఈ కుర్రాడు సంక్రాంతి పోటీల సంగతి అడిగితే, ఫిజియో ఈ లెక్కే చెప్పి కాదంది.

వారానికి రెండు రోజులే దూకుడు, మిగతా రోజులు కండబలం. మర్నాటికి మోకాలు వాచితే ఆ వారం దూకుడు బంద్. మళ్లీ కొలత నాలుగు వారాల తర్వాత.