గోతిలోకి దిగిన పాత గుడ్డలు

యిర్మీయాను గోతిలోకి దింపింది శత్రువులు కాదు, సొంత యెరూషలేము అధిపతులే. బబులోనుకు లొంగితేనే ప్రాణాలు దక్కుతాయన్నందుకు ఆయన ద్రోహి అయ్యాడు. గోతిలో నీళ్లు లేవు, బురదే. రాజు సిద్కియా అడ్డుపడలేదు. ఆయన కోసం నోరు తెరిచింది ఎబెద్మెలెకు: కూషు దేశస్థుడు, రాజనగరులో నౌకరు. 30 మందితో వెళ్లాడు. వెళ్తూ పాత గుడ్డలు, చిరిగిన బట్టలు ఏరుకెళ్లాడు, తాళ్లు చంకల్లో ఒరుసుకోకుండా.

మన గూడేల్లో విశ్వాసం వల్ల వెలిపడ్డ కుటుంబానికి 'యిర్మీయాలా ఓర్చుకోండి' అని చెప్పి వెళ్లిపోతారు. యిర్మీయా ఊరికే ఓర్చుకున్నాడా? పుట్టిన రోజునే శపించాడు, దేవుణ్ణే నిలదీశాడు! పిల్లలకు నేనైతే ముందు ఆ గుడ్డల సంగతి చెబుతాను. పైకి లాగాక కూడా ఆయనకు విడుదల లేదు. నగరం పడిపోయేదాకా బందీగృహ ప్రాంగణంలోనే ఉన్నాడు.