టక్కుమనే చప్పుడు

మా పెద్దాడి మౌంటెన్ బైక్ వెనక నుంచి నెల రోజులుగా టక్కు టక్కుమని ఒకటే చప్పుడు. షాపతను చూసి షాకే మార్చాలన్నాడు. ఆ రేటు విని మావారు "అమ్మి పారేయ్" అనేశారు. వాడు సగం అన్నంలో లేచిపోయాడు.

రాత్రి నన్ను పిలిచి, "అమ్మా, షాక్ చివర వేలు పెట్టు" అని సీటు కాస్త పైకెత్తాడు. వేలి కింద లూజు తెలిసింది. పోయింది షాక్ కాదు, దాని కంట్లో కూర్చునే బుష్! ఉంగరమంత ఉంటుంది, లోపల సన్నటి టెఫ్లాన్ పూత. ఆ పూత అరిగితే లోహమూ లోహమూ ఒరుసుకుంటాయి.

కుక్కర్ గ్యాస్కెట్‌లాగే, కొలత తప్పితే డబ్బు దండగ. కంటి వ్యాసం, బోల్టు 8 మి.మీ., ఫ్రేములో వెడల్పు 22.2 మి.మీ. అన్నీ వెర్నియర్‌తో కొలిచి తెప్పించాడు. పాతదాన్ని సుత్తితో కొట్టెయ్యరాదూ అన్నాను. నన్నో చూపు చూశాడు. బెంచ్ వైస్‌లో సాకెట్లు పెట్టి మెల్లగా నొక్కాలట. వైస్ వాళ్ల నాన్నది. అడగడానికి పంతం.

ఆదివారం కాఫీ పట్టుకెళ్లేసరికి సాకెట్ పట్టుకున్నది వాడు, పిడి తిప్పుతున్నది ఆయన. గ్లాసులు గట్టు మీద పెట్టి వచ్చేశాను.